మేఘం అడ్డొచ్చినా పొలం కనిపిస్తుంది!

తిరువూరు రైతు ఆకాశం వంక చూడని రోజుండదు. పత్తి గింజ పెట్టాక వాన జాడ లేదని చూస్తాడు. పత్తి పగిలాక వాన వచ్చేలా ఉందని చూస్తాడు. మామిడి పూత మీద ఉన్నప్పుడు మబ్బేస్తే గుండెల్లో రాయి పడుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఇది దాదాపు చిట్టచివరి ప్రాంతం. కాలువ నీళ్లు ఇక్కడిదాకా వస్తాయో రావోనన్న బెంగతోనూ చూపు పైకే పోతుంది.

ఇప్పుడు పైనుంచి కూడా ఓ కన్ను కిందికి చూస్తోంది. భూమికి సుమారు 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ప్రపంచంలోని నేలనూ మంచునూ దాదాపు మొత్తంగా 12 రోజులకు రెండుసార్లు చుట్టబెడుతోంది. వచ్చేది కూడా తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో, లేదంటే సాయంత్రం అదే వేళకు. సరిగ్గా గేదెల పాలు పితికే వేళలన్నమాట! దాని పేరు నిసార్. తెలుగు చెవికి 'నిస్సారం' అన్నట్టు వినిపిస్తుంది గానీ నేలలోని తేమ సంగతి తేల్చే పనిలో దాన్ని మించింది ఇప్పటిదాకా మనకు లేదు. నాసా, ఇస్రో పేర్లు కలిపి, వెనకాల రాడార్ సాంకేతిక నామం చేర్చి పెట్టిన పొట్టిపేరది. ఒక రాడార్ అమెరికాది, ఇంకో రాడార్ మనది. ఎగరేసింది మన శ్రీహరికోట నుంచి, మన రాకెట్ మీద. ఈ రెండు ప్రభుత్వాలు కలిసి చేసిన ఇంత పెద్ద భూపరిశీలన ఉపగ్రహం ఇంతకుముందు లేదు. మొత్తం ఖర్చు దాదాపు 150 కోట్ల డాలర్లు. అంటే మన లెక్కలో 13 వేల కోట్ల రూపాయల వరకూ! అందులో ఇస్రో వాటా సుమారు 788 కోట్లు. మిగతాదంతా అమెరికాది.

ఇంత డబ్బు పోసి అమెరికా వాళ్లు మన పొలాల్ని కూడా ఎందుకు కొలుస్తున్నట్టు? ఆ సమాచారాన్ని అందరికీ ఉచితంగా ఎందుకు ఇస్తున్నట్టు? అన్నిటికన్నా ముఖ్యం... అది తిరువూరు చేలోకి ఏ దారిన వస్తుంది?

ఒకే రోజు రెండు వార్తలు

2025 జులై 30, సాయంత్రం 5.40. శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్16 లేచింది. షార్ నుంచి అది 102వ ప్రయోగం. 2,392 కిలోల నిసార్‌ని పందొమ్మిది నిమిషాల్లో కక్ష్యలో వదిలిపెట్టింది. జీఎస్ఎల్వీ అంతవరకూ సమాచార ఉపగ్రహాల్లాంటివాటిని భూమధ్యరేఖ వైపు మోసిన రాకెట్. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలోకి ఉపగ్రహాన్ని చేర్చడం దానికదే మొదటిసారి. అటు కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ వాళ్లు, ఇటు బెంగళూరు, అహ్మదాబాద్ శాస్త్రవేత్తలు... పదేళ్ల కష్టం గట్టెక్కిందని ఊపిరి పీల్చుకున్నారు.

అదే రోజు ఇంకో కబురూ వచ్చింది. భారత్ నుంచి వచ్చే సరకుల మీద 25 శాతం సుంకం వేస్తున్నట్టు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించారు. ఆగస్టు 27 నాటికి అది 50 శాతానికి చేరింది. తర్వాత ఆ సుంకాల కథ చాలా మలుపులే తిరిగింది. కానీ ఆ రోజున మాత్రం ఒక ప్రభుత్వం ఒక చేత్తో కరచాలనం చేస్తూ రెండో చేత్తో బిల్లు చేతిలో పెట్టినట్టయింది. ఆంధ్రా రొయ్యలకు అమెరికాయే పెద్ద మార్కెట్. ఆ దెబ్బ ముందుగా తగిలింది భీమవరం, అమలాపురం వైపు చెరువులకే.

ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు. అంతరిక్షంలో ఈ రెండు దేశాల స్నేహం మొదట్నుంచీ ఇలాగే నడిచింది. ఓ పక్క ఇవ్వడం, మరో పక్క బిగబట్టడం. తుంబలో 1963 నవంబరు 21న ఎగిరిన మన మొట్టమొదటి రాకెట్ నైకీ-అపాచీ అమెరికా ఇచ్చిందే. అప్పట్నుంచి ఇప్పటిదాకా జరిగినవాటిలో రెండు ఘట్టాలు తెలిస్తే చాలు, నిసార్ విలువేంటో అర్థమవుతుంది.

కోళ్ల గూటి వలతో టీవీ

మొదటిది ఇచ్చిన కథ. 1975 ఆగస్టు 1. దేశంలో టీవీ అంటే నాలుగైదు నగరాలకే తెలిసిన రోజులు. అలాంటిది ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెల్లో ఒకేసారి టీవీ బొమ్మ పడింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనకు అరువిచ్చింది. 'సైట్' అని పిలిచిన ఈ ప్రయోగానికి 1969లోనే ఒప్పందం కుదిర్చిన ఘనత విక్రం సారాభాయ్‌ది. అది జరిగే నాటికి ఆయన లేరు.

ఆకాశంలో ఉన్నది అమెరికా ఉపగ్రహం. కింద పల్లెలో దాని సంకేతాలు పట్టే గొడుగు మాత్రం మనది. దాన్ని దేనితో చేశారో తెలుసా? కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప వలతో! పది అడుగుల గొడుగు, దాని పక్కన ఓ టీవీ పెట్టె, ముందు ఊరు ఊరంతా. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు... రోజూ నాలుగు గంటల కార్యక్రమాలు. హిందీ, ఒరియా, కన్నడంతో పాటు తెలుగులోనూ వచ్చేవి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యమధ్యలో పాటలు. ఆ కార్యక్రమాలు తయారైన మూడు కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి.

ఏడాది గడిచింది. 1976 జులై 31తో గడువు తీరింది. నాసా తన ఉపగ్రహాన్ని మళ్లీ తమ వైపు తీసుకెళ్లిపోయింది. అద్దె ఇంట్లో కాపురం అలాగే ఉంటుంది మరి. ఎంత బాగున్నా ఇంటాయన రమ్మన్నరోజు తాళంచెవి ఇచ్చేయాల్సిందే. పల్లెల్లో టీవీ బొమ్మ ఆగిపోయింది. కానీ ఆ ఏడాది నేర్చుకున్న పాఠంతోనే ఇన్శాట్‌లు వచ్చాయి. ఆ మొదటి ఇన్శాట్‌లను కూడా అమెరికా కంపెనీయే తయారుచేసింది. వాటిలో ఇన్శాట్-1బిని 1983లో అమెరికా స్పేస్ షటిల్ మోసుకెళ్లింది. ఇలా ఇచ్చినవాటి లెక్క చిన్నదేం కాదు.

ఇవ్వనన్న ఇంజిన్ మీదే...

రెండోది ఇవ్వనన్న కథ. బరువైన ఉపగ్రహాల్ని మనమే పైకి పంపాలంటే క్రయోజెనిక్ ఇంజిన్ కావాలి. హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీలకు, ఆక్సిజన్‌ని మైనస్ 183 డిగ్రీలకు చల్లబరిచి ద్రవాలుగా మార్చి మండించే ఇంజిన్ అది. ఆ విద్య అప్పట్లో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని దేశాలకే తెలుసు. 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఇస్రో ఒప్పందం చేసుకుంది. ఇంజిన్లూ ఇవ్వాలి, తయారీ రహస్యమూ చెప్పాలి. అమెరికా ఊరుకోలేదు. అది క్షిపణుల తయారీకి పనికొస్తుందంటూ 1992 మేలో ఇస్రో మీద, గ్లావ్‌కాస్మాస్ మీద రెండేళ్ల ఆంక్షలు పెట్టింది. రాత్రికి నింపి, ఉదయానికి ఎగరేయాల్సిన క్షిపణికి ఇంత చల్లటి ఇంధనం ఎందుకు పనికొస్తుందని మనవాళ్లు ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి 1993లో రష్యా వెనక్కి తగ్గింది. ఇంజిన్లు అమ్ముతాం, రహస్యం మాత్రం చెప్పం అంది.

ఇక సొంతంగా చేసుకోక తప్పలేదు. ఎంతకాలం పట్టిందో చూడండి. 2001 ఏప్రిల్ 18న తొలి జీఎస్ఎల్వీ రష్యా ఇంజిన్‌తోనే ఎగిరింది. 2010 ఏప్రిల్ 15న మన సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో తొలి ప్రయత్నం సముద్రంలో కలిసింది. 2013 ఆగస్టు 19న అంతా సిద్ధమయ్యాక కాసేపట్లో ఎగరాల్సిన రాకెట్‌లో ఇంధనం కారుతోందని ప్రయోగం ఆపేశారు. ఇస్రోలోనే దానికి 'అల్లరి పిల్లాడు' అని పేరుపడింది. ఎట్టకేలకు 2014 జనవరి 5న ఆ పిల్లాడు దారికొచ్చాడు. ఆంక్షల నాటి నుంచి లెక్కేస్తే దాదాపు ఇరవై రెండేళ్లు!

మధ్యలో 1998 పోఖ్రాన్ అణుపరీక్షలు. అమెరికా మళ్లీ ఆంక్షల జాబితా తీసింది. అందులో ఇస్రో విభాగాలూ ఉన్నాయి. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1 నాసా పరికరాల్ని మోసుకెళ్లింది. చంద్రుడి మీద నీటి జాడ పట్టించిన పరికరాల్లో నాసాది ముఖ్యమైనది. తమాషా ఏంటంటే, అప్పటికింకా ఇస్రో సంస్థలు కొన్ని ఆ జాబితాలోనే ఉన్నాయి. ఒక కార్యాలయం పరికరం పంపింది, ఇంకో కార్యాలయం తలుపు వేసి ఉంచింది. ఆ జాబితా నుంచి ఇస్రో సంస్థల్ని తీసేసింది 2011 జనవరిలో.

ఇప్పుడు మళ్లీ 2025 జులై 30కి వద్దాం. వంద కోట్ల డాలర్లకు పైగా పోసి చేసుకున్న తమ రాడార్‌ని అమెరికా ఏ రాకెట్ కొసన కూర్చోబెట్టింది? జీఎస్ఎల్వీ మీద. దాన్ని చివరి అంచెలో కక్ష్యకు చేర్చింది ఏది? సొంతంగా చేసుకున్న ఆ క్రయోజెనిక్ ఇంజినే. ఒకప్పుడు మనకు అందకుండా చేసినదాని మీదే తమ విలువైన సామగ్రిని పంపుకొన్నారు. ఆ రోజు ఇస్రో అధ్యక్ష స్థానంలో ఉన్న వి.నారాయణన్ దశాబ్దాలపాటు పనిచేసింది కూడా ఈ క్రయోజెనిక్ విభాగంలోనే. ఏ ఉపన్యాసంలోనూ ఇంతకన్నా గట్టి జవాబు దొరకదు.

అలాగని ఇదంతా ప్రేమతో జరిగిందనుకుంటే పొరపాటు. ఇలాంటి రాడార్ ఉపగ్రహం కావాలని 2007లోనే అమెరికా శాస్త్రవేత్తలు సిఫార్సు చేశారు. ఒక్కరే భరించాలంటే ఖర్చు భారం. వాళ్లకు భాగస్వామి కావాలి, మనకు ఆ రాడార్ విద్య, ఆ సమాచారం కావాలి. అవసరం రెండు వైపులా ఉంది. మంగళ్‌యాన్ అంగారకుణ్ని చేరిన వారం తిరక్కముందే, 2014 సెప్టెంబరు 30న టొరంటోలో నాసా అధిపతి ఛార్లెస్ బోల్డెన్, ఇస్రో ఛైర్మన్ కె.రాధాకృష్ణన్ సంతకాలు చేశారు. అవసరంతో మొదలైన పొత్తులే ఎక్కువకాలం నిలుస్తాయేమో!

పని కూడా వాటాలు వేసుకున్నట్టే జరిగింది. 24 సెంటీమీటర్ల పొడవైన తరంగాలతో పనిచేసే ఎల్-బ్యాండ్ రాడార్ నాసాది. సుమారు పది సెంటీమీటర్ల తరంగాలతో పనిచేసే ఎస్-బ్యాండ్ రాడార్ అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రానిది. రెండింటికీ కలిపి ఒకే గొడుగు. 12 మీటర్ల వెడల్పున్న ఆ గొడుగుని బంగారు పూత పూసిన సన్నటి తీగలతో వలలా అల్లారు. యాభై ఏళ్ల కిందట పల్లెలో కోళ్ల గూటి వల, ఇప్పుడు ఆకాశంలో బంగారు వల. ఈ గొడుగే చివర్లో చిక్కు తెచ్చింది. 2024లో ఎగరాల్సిన ఉపగ్రహం ఆగిపోయింది. మడిచి ఉంచినప్పుడు ఎండకు అనుకున్నదానికన్నా ఎక్కువ వేడెక్కుతుందేమోనన్న అనుమానంతో గొడుగుని అమెరికాకు తిప్పి పంపారు. ప్రత్యేక పూత వేసి, అదే ఏడాది అక్టోబరులో నాసా సీ-130 విమానంలో బెంగళూరుకు తెచ్చి అప్పగించారు. చివరికి 2025 ఆగస్టు 15న అంతరిక్షంలో అది పువ్వులా విచ్చుకుంది.

తడిరోడ్డు మీద హెడ్‌లైట్

సరే, ఇంతకీ అది ఎలా చూస్తుంది? మామూలు ఉపగ్రహం కెమెరా లాంటిది. వెలుతురుండాలి, మబ్బుండకూడదు. మనకేమో పంట ఉండేదే మబ్బుల కాలంలో. అందుకే ఖరీఫ్‌లో సరిగ్గా అవసరమైన రోజుల్లో ఆ ఉపగ్రహం పంపే చిత్రంలో తెల్లటి దూది తప్ప ఏమీ ఉండదు. రాడార్ ఉపగ్రహం అలా కాదు. తన తరంగాల్ని తానే కిందికి పంపుతుంది. అవి మబ్బుల్లోంచి దూసుకొచ్చి నేలను తాకి తిరిగి పైకి వెళ్తాయి. ఈ రాకపోకలకు సెకనులో వందో వంతు కూడా పట్టదు. చీకటైనా, తుపానైనా దానికొక్కటే.

తిరిగొచ్చిన తరంగం ఏం చెబుతుందో తెలియాలంటే తిరువూరు నుంచి విజయవాడకు వాన పడిన రాత్రి బైకు మీద వెళ్లినవాళ్లని అడగండి. పొడి రోడ్డు మీద హెడ్‌లైట్ పడితే రోడ్డు కనిపిస్తుంది. తడిరోడ్డు మీద వెలుగు ముందుకు జారిపోయి, రోడ్డంతా నల్లగా కనిపిస్తుంది. రాడార్‌కీ అంతే. ఏటవాలుగా పడిన తరంగం నిలిచిన నీళ్ల మీద జారి అటే పోతుంది. తిరిగిరాదు. కాబట్టి చిత్రంలో నీళ్లు నల్లగా ఉంటాయి. గరుకుగా ఉన్న దుక్కి తెల్లగా ఉంటుంది. నీళ్లలో వరి దుబ్బులు నిలబడి ఉంటే తరంగం నీటిని తాకి, దుబ్బును తాకి వెనక్కి మళ్లుతుంది. అదో రకం మెరుపు. పొట్టి తరంగం ఆకులూ చిన్న మొక్కల దగ్గరే ఆగి వాటి కబురు తెస్తుంది. పొడవు తరంగం ఆకుల్ని దాటి కొమ్మలు, మాను, కింద నేల దాకా పోయి వస్తుంది. పత్తి చేను ఎంత ఎదిగిందో ఒకటి చెబితే, మామిడి తోటలో కలప ఎంతుందో ఇంకోటి చెబుతుంది. నేలలో తేమనూ రెండూ అంచనా వేస్తాయి.

ఒకే చోటును రెండుసార్లు చూసి, వచ్చిన తరంగాల తేడాను పోల్చితే నేల సెంటీమీటరు కదిలినా పట్టేయొచ్చు. నాసాకు అన్నిటికన్నా ముద్దొచ్చింది ఈ గుణమే. భూకంపాలు వచ్చే చోట నేల ఎలా ఒరుసుకుంటోందో, ధ్రువాల్లో మంచు ఎంత వేగంగా జారుతోందో తెలుస్తుంది. మనకైతే కొత్తగూడెం వైపు బొగ్గు తవ్విన చోట నేల కుంగుతోందా, చెరువు కట్ట దిగబడుతోందా అన్నది చూడొచ్చు.

తెలుగువాళ్లు మురిసిపోవాల్సిన సంగతి ఒకటుంది. ఇస్రో ఎస్-బ్యాండ్ రాడార్ తీసిన తొలి చిత్రం ఎక్కడిదో తెలుసా? మన గోదావరి డెల్టాది. 2025 ఆగస్టు 19న తీసిన దాన్ని నవంబరులో విడుదల చేశారు. మడ అడవులు, పంటలు, పోకతోటలు, చేపల రొయ్యల చెరువులు... వేటికవి విడివిడిగా కనిపించాయి. వాటిలో ఆ ఏడాది సుంకాల దెబ్బ తిన్న రొయ్యల చెరువులూ ఉన్నాయి!

కౌలు రైతు కనిపిస్తాడా?

ఇక అసలు విషయం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్ని ఎన్టీఆర్ జిల్లా మరచిపోలేదు. కుండపోత వాన. బుడమేరు గట్లు తెగి విజయవాడలో కాలనీలకు కాలనీలు నీళ్లలో నానాయి. ఆ బుడమేరు పుట్టేది తిరువూరు నుంచి బెజవాడ వెళ్లే దారిలోని మైలవరం కొండల్లోనే. పట్నం కష్టం దేశమంతా టీవీలో చూసింది. పొలాల్లో నష్టం మాత్రం ఎవరి చేను దగ్గర వాళ్లకే తెలిసింది. నిసార్ ఉంటే అప్పుడు ఏం మారేది?

వరదను ఆపేదా? ఆపదు. ముందే చెప్పేదా? చెప్పదు. వరద ముంచిన రోజే అది నెత్తి మీద ఉంటుందన్న పూచీ కూడా లేదు. బుడమేరు గంటల్లో పొంగింది. నిసార్ వచ్చేదేమో పన్నెండు రోజుల్లో రెండుసార్లు. వరద రోజుల్లో మన ఈఓఎస్-04, ఐరోపావాళ్ల సెంటినెల్-1 లాంటి ఇతర రాడార్ ఉపగ్రహాల్ని కూడా కలుపుకొంటేనే రోజువారీ బొమ్మ పూర్తవుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటే నాటికి నిసార్ ఇంకా పరీక్షల దశలోనే ఉంది. కాబట్టి 'అద్భుతం' అన్న మాటను కాస్త తగ్గించి వాడటమే మంచిది.

మారేది వరద తర్వాత. నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి, ఏ చేలో నిలిచాయి, పైరు మళ్లీ లేచిందా లేదా... ఇవి నష్టపరిహారం దగ్గర అడిగే ప్రశ్నలు. పెట్టుబడి రాయితీ రావాలంటే పంట 33 శాతమైనా దెబ్బతినాలి. ముప్పై రెండా, ముప్పై మూడా అన్నది ఎవరు తేలుస్తారు? ఇప్పటిదాకా గ్రామ వ్యవసాయ సహాయకుడు గట్టు మీద నిలబడి కంటితో చూసి రాసుకోవాలి. వందల ఎకరాలు, వారం గడువు. దారి బురద. రోడ్డు పక్క చేలు రాసుకుని లోపలి చేలు అంచనా కట్టారన్న ఫిర్యాదు ప్రతి వరద తర్వాతా వినిపించేదే. రాడార్ బొమ్మకు రోడ్డు పక్క, లోపల అన్న తేడా లేదు.

ఎకరం చేను ఆ బొమ్మలో ఎంతుంటుంది? ఓ చిన్న లెక్క. ఎకరమంటే నాలుగు వేల చదరపు మీటర్ల పైచిలుకు. పది మీటర్ల చుక్కలతో గీసిన బొమ్మలో నలభై చుక్కలు. రాడార్ బొమ్మలో సహజంగా ఉండే గరుకును తగ్గించడానికి చుట్టుపక్కల చుక్కల్ని కలిపి సగటు తీస్తారు. అప్పుడు ఎకరానికి పదో పాతికో మిగులుతాయి. అయిదెకరాల చెలకకు అది చాలు. అర ఎకరం మడికి కష్టం. తిరువూరు చుట్టుపక్కల చిన్న కమతాలే ఎక్కువ కాబట్టి ఈ సంగతి ముందే తెలిసుండాలి.

బీమాలో ఈ దారి ఇప్పటికే పడింది. ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడుల లెక్కలో సాంకేతిక అంచనాకు కనీసం 30 శాతం బరువు ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. మిగతాది పాత పద్ధతిలో పంట కోసి తూచే ప్రయోగాలది. మరి పత్తికి? మిరపకు? తిరువూరు రైతు నష్టపోయేది ఎక్కువగా వాటిలోనే. ఆ పంటల్ని రాడార్ ఎంత నమ్మకంగా చదవగలదన్నది మన నేలల్లోనే, మన చేలల్లోనే ఏళ్లపాటు పోల్చి చూస్తే తప్ప తేలదు. పోల్చి చూడాలంటే కింద చేలో దిగి కొలిచే మనుషులు కావాలి. ఉపగ్రహం వచ్చింది కాబట్టి వ్యవసాయ సిబ్బంది అక్కర్లేదనుకుంటే, పదమూడు వేల కోట్ల రూపాయల బొమ్మ గోడకు వేలాడే క్యాలెండర్ అవుతుంది.

ఇంకో చిక్కుముడి ఉంది. అది ఏ రాడార్‌కీ లొంగదు. నిసార్‌కి చేను కనిపిస్తుంది. చేలో నీళ్లు కనిపిస్తాయి. ఆ చేను పట్టా ఎవరిదో కనిపించదు. దాన్ని కౌలుకు తీసుకుని అప్పు చేసి పత్తి వేసిన మనిషి అసలే కనిపించడు. రాష్ట్రంలో సాగులో పెద్ద వాటా కౌలుదారులదే. 2019 నాటి చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే రేపు పొలం ఎక్కడ పోతుందోనని యజమానికి భయం. పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడాది కౌలు ఎక్కడ పోతుందోనని రైతుకు భయం. 'ఏంటయ్యా, నమ్మకం లేదా?' అని యజమాని అంటే 'అట్టాంటిదేం లేదండీ' అని తలూపి వచ్చేస్తాడు. ఈ-పంటలో పేరు ఎక్కదు. వరద వస్తే బొమ్మలో చేను నల్లగా తేలుతుంది, పరిహారం పట్టాదారు ఖాతాలో తేలుతుంది. అమెరికా, భారత్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదరడానికి, ఉపగ్రహం ఎగరడానికి మధ్య పదకొండేళ్లు పట్టింది. యజమానికీ కౌలుదారుకూ మధ్య ఒక కాగితం కుదరడం అంతకన్నా కష్టంగా ఉంది మరి!

నిసార్ పంపే సమాచారం మన దేశంలో దిగేది హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో. అంటార్కిటికాలోని మన భారతి కేంద్రం కూడా కొంత పట్టి పంపుతుంది. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో, విపత్తుల వేళ గంటల్లోనే అందించాలన్నది రెండు సంస్థల లక్ష్యం. అంటే షాద్‌నగర్ నుంచి తిరువూరు మండల కార్యాలయానికి రావడమే మిగిలింది. దూరం మూడొందల కిలోమీటర్లు కూడా ఉండదు.

ఆ లోపు ఎవరైనా సొంతంగా చూడాలనుకుంటే అడ్డేమీ లేదు. ఎల్-బ్యాండ్ సమాచారాన్ని నాసా తరఫున అలాస్కాలోని కేంద్రం అందిస్తుంది. ఇస్రో వైపు నుంచైతే 'భూనిధి' అనే పోర్టల్ ఉంది. పేరు నమోదు చేసుకుంటే చాలు. పైసా కట్టక్కర్లేదు. ఫైళ్లు మాత్రం బాగా పెద్దవి, సెల్‌ఫోన్‌లో తెరుచుకునేవి కావు. మంచి కంప్యూటర్, రాడార్ బొమ్మల్ని చదివే ఉచిత సాఫ్ట్‌వేర్, నేర్పడానికి ఓపికున్న మాస్టారు ఒకరు కావాలి. డిగ్రీ కాలేజీలో భూగోళమో, కంప్యూటర్ సైన్సో చదివే పిల్లలు నలుగురు కూర్చుంటే సాగర్ కాలువ చివరి ఆయకట్టుకు ఈ సీజన్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ ఊరి దగ్గర ఆగిపోయాయో పన్నెండు రోజులకోసారి గీసి చూపించొచ్చు. ఆ కాగితం పట్టుకుని నీటిపారుదల అధికారి దగ్గరకు వెళ్లే రైతు, ఈసారి ఒట్టి చేతులతో వెళ్లినట్టు కాదు.